కుందేళ్ల పేరా

ఆయన సైన్సు చదివింది హైస్కూలు వరకే, అదీ అత్తెసరు మార్కులతో. పత్రికాఫీసులో మిగతావాళ్లకు ఆ మాత్రం కూడా లేకపోవడంతో, వారం వారం వచ్చే సైన్సు పేజీని ఆయన నెత్తిన రుద్దారు. ఆ రోజు నుంచీ ఆఫీసులో ఆయన పేరు 'డాక్టరుగారు'. క్యాంటీన్ వాళ్లయితే టీ ఇస్తూ నాలుక చాపి చూపించేవాళ్లు.

ఆయన హస్తవాసి గొప్పది. ఆ పేజీలో బట్టతల ఏటా నయమయ్యేది. మధుమేహం కాస్త మొహమాటపడి, రెండేళ్లకోసారి తోక ముడిచేది. ముసలితనమొక్కటే మొండికేసింది. ఆయన రిటైరవకుండా ఉంటే అదీ దారికొచ్చేదే.

పోనీ అబద్ధాలు రాశాడా అంటే, పాపం, అదీ కాదు. ప్రతి వార్తకూ చివర్లో బుద్ధిగా ఒక పేరా రాసేవాడు, ప్రయోగం ఎలుకల మీద జరిగిందనో, మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందనో. అయితే ప్రకటనలకు చోటు చాలనప్పుడు పేజీ కట్టేవాడు వార్తను కిందినుంచి కోసేవాడు. ప్రకటనలకు చోటు ఏనాడూ చాలేది కాదు. ముఖ్యమైనది పైన రాయాలి, కింద రాసింది పోయినా ఫరవాలేదనుకోవాలి. పత్రికల్లో చేరినవాడికి మొదటి రోజే నేర్పే పాఠం ఇది.

అలా తోక తెగిన వార్తల్లో ఒకటి కంటి జబ్బు గురించి. కంట్లో పెరిగే ఒత్తిడిని ఏదో ఆకు రసం ఇట్టే దించేస్తుందని. అది చదివి ఆయన సొంత అక్క, రోజూ వేసుకునే చుక్కల మందు మానేసి ఆ రసం తాగడం మొదలుపెట్టింది. తమ్ముడి రాతంటే ఆవిడకు అంత గురి. "మావాడు రాశాడు" అంటూ వీధి వీధంతా ఆ పేజీ తిప్పింది. ఏడాది తిరక్కుండానే కుడికన్ను పోయింది. ఇందులో నవ్వడానికేమీ లేదు.

అక్క శాపనార్థాలు పెట్టలేదు. అవసరానికి తప్ప తమ్ముడితో మాట్లాడటం మానేసింది, అంతే. "నేను రాశానక్కా, వాళ్లు కోసేశారు" అని ఆయన మొదలుపెట్టినప్పుడల్లా లేచి లోపలికి వెళ్లిపోయేది. ఆ మాట నిరూపించుకుంటే చాలు, అక్క మళ్లీ దగ్గరవుతుందని ఆయన ఆశ.

రిటైరయ్యాక ఒక రోజు ఫోనొచ్చింది. పత్రిక తన పాత కాగితాలన్నీ ఒక గ్రంథాలయానికి ఇచ్చి వదిలించుకుందట. అక్కడి ఉద్యోగిని సైన్సు వార్తల చరిత్ర మీద ప్రదర్శన పెడుతోంది.

"మీ పేజీలకే ఒక గోడంతా ఇచ్చాం సార్! చదువుతుంటే నవ్వాగట్లేదండి. మీరు అప్పట్లో రాసిచ్చిన టైపు కాపీలు కూడా ఉన్నాయి, వచ్చి చూడండి."

పొగిడిందో, పరువు తీసిందో ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. టైపు కాపీలన్న మాట వింటూనే చెప్పులేసుకున్నాడు.

ఇనుప బీరువాల మధ్య తుమ్ముకుంటూ, తాను లోకానికి చేసిన సేవనంతా తిరగేశాడు. చివరికి ఆ కంటి జబ్బు వార్త దొరికింది. ఆఖరి పేరాకు అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత. 'ఈ ప్రయోగం ఇంతవరకూ కుందేళ్ల మీదే జరిగింది. రోగులు వాడుతున్న మందులు ఆపకూడదు.' ఆయనకు కళ్లు చెమర్చాయి. జిరాక్సు తీయించుకుని, కోర్టులో కేసు గెలిచినవాడిలా అక్క ఇంటికి బయల్దేరాడు.

అక్క కాగితాన్ని ఎడమకంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, ఆ పేరా రెండుసార్లు చదివింది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనేనక్కా! ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది అదేగా!"

"అంటే కుందేళ్ల సంగతి నీకు ముందే తెలుసు."

"తెలుసు కాబట్టేగా రాశాను!"

"కింద రాస్తే కోసేస్తారనీ తెలుసా?"

"అది... ఆఫీసులో అందరికీ తెలుసక్కా."

"మరి పైన రాయకపోయావా?"

"పైన కుందేళ్లని పెడితే ఎవరు చదువుతారక్కా?"

అక్క కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"నేను చదివేదాన్ని కదరా."