గుర్రం చెవిలో మాట

ఈ ఉదయం బోధన్ దగ్గర ఒక సెల్ టవర్ కింద, చెడిపోయిన పవర్ సప్లై పెట్టె మూత విప్పగానే కాలిన చీమల వాసన కొట్టింది. పుల్లగా, మాడిన చక్కెర పాకంలా ఉంటుంది. చుట్టూ చెరుకు తోటలు. ఆ వాసన వస్తే నాకు రషీద్ భాయ్ గుర్తొస్తారు.

నిజామాబాద్‌లో ఆయనకు చిన్న వర్క్‌షాప్ ఉండేది. లైన్ కరెంటును టవర్ పరికరాలకు పనికొచ్చేలా మార్చే పెట్టెలు తయారుచేసేవారు. నేను కాయిల్స్ చుట్టడానికి చేరాను. చదువు ఇంటర్‌తో ఆగినా, గ్రంథాలయంలో ఎలక్ట్రానిక్స్ పుస్తకాలన్నీ చదివేశానన్న గర్వం నాది. "లైబ్రరీ మేడమ్ వచ్చింది, జాగ ఇయ్యుండ్రి" అని ఆయన ఎగతాళి చేస్తూనే, నా పుస్తకాలకు బల్ల మీద చోటు చేసేవారు.

ఒక కంపెనీ, టవర్ స్తంభానికి తగిలించేంత చిన్న పెట్టె కావాలంది. ఆ ఆర్డర్ వస్తే షాపు నిలుస్తుంది, లేకపోతే మూతే. పెట్టె చిన్నదయ్యేకొద్దీ లోపలి వేడికి దారి ఉండదు. మీటర్లన్నీ చూశాక ఆయన నడుస్తున్న పెట్టె మీద అరచేయి ఆనించి, ఎప్పుడూ ఒకే లతీఫా, అదే ఒక జోకు, మొదలుపెట్టేవారు. అది పూర్తయ్యేదాకా చేయి ఆగితే పెట్టె పాసైనట్టు.

"బోధన్ నుంచి వస్తున్న టాంగా గుర్రం నడిమిట్ల ఆగింది. కొట్టినా కదల్తలేదు. టాంగావాలా దిగి, దాని చెవిల ఒక్క మాట చెప్పిండు..."

సరిగ్గా అక్కడ చేయి చుర్రుమనేది. "ఫెయిల్" అని తీసేసేవారు.

"ఏం చెప్పిండు భాయ్?"

"చెయ్యి ఆగనియ్యి చెల్లె, చెప్త."

గాలికి రంధ్రాలు పెట్టి, ఒక పెట్టెను చెరుకు తోటల మధ్య బిగించి చూశాం. వెచ్చదనానికి చీమలు చేరి, లోపల కాలి చచ్చాయి. "సందు ఇస్తె చీమ, మూస్తె వేడి. నీ పుస్తకంల చీమల మందు ఉన్నదా?" అన్నారు. చీమల సంగతి లేదు, వేడి సంగతి ఉంది. వేడెక్కే భాగాలన్నీ అల్యూమినియం గోడకే ఆనించి, గోడకు బయట రెక్కలు పెట్టి, రంధ్రాలన్నీ మూసేద్దామన్నాను. ఆయన నెలల తరబడి గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు.

నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఎండలో నడుస్తున్న కొత్త పెట్టె మీద అరచేయి ఆనించారు. లతీఫాలో గుర్రం ఆగింది, టాంగావాలా దిగాడు. అంతలో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో ఎత్తి, "అచ్ఛా... అచ్ఛా సాబ్" అని పెట్టేశారు. కంపెనీ వేరేచోట తయారైన పెట్టెలు కొనేసిందట. కుడి చేయి పెట్టె మీదే ఉంది.

"కాలుతుందా భాయ్?"

"కాల్తలేదు."

"మరి ఏం చెప్పిండో చెప్పు."

పెట్టె స్విచ్ ఆపి, చేయి తీశారు. "యాదికొస్తలేదు చెల్లె" అన్నారు.

షాపు మూసేశారు. మరుసటి ఏడాదికి ఆయనా లేరు. మా పెట్టె స్తంభం ఎక్కనేలేదు.

ఇప్పుడు నేను బాగుచేస్తున్నవి ఆ కంపెనీ కొన్న పెట్టెలే. ఒళ్లంతా రంధ్రాలు. ఈ ఉదయం కూడా చీమలను బ్రష్‌తో ఊడ్చి, బోర్డు మార్చి, మూత బిగించి, కాసేపు నడవనిచ్చాను. అలవాటుగా అరచేయి ఆనించి లోలోపల లతీఫా మొదలుపెట్టాను. టాంగావాలా గుర్రం చెవి దగ్గరికి వంగాడు. చేయి చుర్రుమంది.