రేపటి జొన్నలు

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, జమ్మలమడుగులో మా చర్చికి పేదల కోసం జొన్నలు వచ్చాయి. సంఘపెద్ద రోజూ పొద్దున ఇంటికి ఒక శేరు కొలిచి ఇచ్చేవాడు. ఆదివారం మాత్రం ఆ గింజలుంచిన స్టోరు తెరిచేవాడు కాదు. ఒక శనివారం మా వీధి అక్క, భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన మనిషి, రేపటి శేరు కూడా ఇప్పుడే ఇమ్మని అడిగింది.

“అనుదినాహారం ఇమ్మని నువ్వే కదమ్మా ప్రార్థన చేస్తాండేది. రేపటిది ఈ పొద్దే అడిగితే ఎట్ల? శానా ఆశ నీకు” అన్నాడాయన అందరి ముందూ. ఆయన ఇంట్లో ఏడాదికి సరిపడా గింజలున్నాయని ఊరికంతా తెలుసు. అయినా వరుసలో కొందరు నవ్వారు. అక్క తలదించుకుని వెళ్లిపోయింది.

నేను పరుగున వచ్చి మా తాతయ్యకు చెప్పాను. ఆయన పాస్టర్లకు గ్రీకు నేర్పి రిటైరైన మనిషి. వెంటనే పుస్తకాలు దించి చాప మీద పరిచాడు. మనం ‘అనుదిన’ అని చదువుకునే ఆ గ్రీకు మాట యేసు నేర్పిన ఈ ప్రార్థనలో తప్ప మరెక్కడా దాదాపు కనబడదట. అందుకే పూర్వం తర్జుమా చేసినవాళ్లు తలా ఒక అర్థం రాశారట. లాటిన్‌లో ఒకచోట ‘రోజువారీ’, సిరియా వాళ్ల భాషలో ‘అవసరమైన’, ఈజిప్టు క్రైస్తవుల భాషలో ‘రేపటి’.

మరునాడు ఆరాధనలో ప్రార్థన తానే చెప్పిస్తానన్నాడు తాతయ్య. ఆ వాక్యం దగ్గర ఆగి, మూడు అర్థాలతో మూడుసార్లు పలికించాడు. మా రేపటి ఆహారం నేడు మాకు దయచేయమని సంఘమంతా పలికింది. సంఘపెద్ద కూడా పలికాడు. పలికాక గానీ ఆయనకు వెలగలేదు.

“ఏంది మామా ఇది? ఇంతకూ ఏది నిజం?” అన్నాడు.

“ఆ మాట సంగతి నాకూ తేల్లేదప్పా. ‘మా’ అనే మాట మాత్రం ఏ తర్జుమాలోనూ ‘నా’ అని లేదు. స్టోరు తాళం ఇట్లియ్యి.”

ఆ పూటే అక్క ఇంట్లో సంగటి ఉడికింది. ఆ తర్వాత శనివారాలు రెండు శేర్లు కొలిచారు.

అందరూ తాతయ్య పాండిత్యాన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ వయసులోనూ తలుచుకుంటే మండుతుంది. రేపు పిల్లలకు ఆకలేస్తుందని ఒక తల్లి తెలుగులో చెబితే చాలలేదు, పరాయి భాషలన్నీ సాక్ష్యానికి రావాల్సి వచ్చింది. రోజూ రాత్రి డైరీ రాసి మూశాక అదే ప్రార్థన చేసుకుంటాను. ఆ వాక్యం దగ్గర ‘మా’ అన్న మాటను నేటికీ కాస్త గట్టిగానే పలుకుతాను.