సముద్రపు దొంగకు మా అయ్య చెప్పిన మాట

నిన్న మా దీవిలోని జంగ్లీఘాట్ రేవులో ఎవరో తడిసిన టార్పాలిన్ ఆరేశారు. ఆ వాసనకి మా అయ్య గుర్తొచ్చాడు.

అయ్య అలాంటి టార్పాలిన్ తెరచాప కట్టిన పడవ మీద చేపలు పట్టేవాడు. నాకు ఏడేళ్లప్పుడు అబర్డీన్ బజార్‌లో ఒక ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్లాడు. మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. యుద్ధం జరుగుతోందనీ, సముద్రపు దొంగ ఒకడు తన రాజు తరఫున పోరాడుతున్నాడనీ మాత్రం తెలిసింది. శత్రువులు తరుముతుంటే అతని ఓడ తెరచాపలన్నీ విప్పుకుని తుఫానులోకి దూసుకుపోయింది.

అయ్య లేచి నిలబడ్డాడు. "ఒరే, గాలి తిరిగిపోనాది! తెరసాప దించరా, ఓడ బోల్తా కొడతాది!" అని అరిచాడు.

హాలంతా నవ్వింది. "బైఠో భయ్యా, కూకో! బొమ్మకి సెవులుంటాయేటి?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. నేను సిగ్గుతో అయ్య లుంగీ పట్టి లాగాను.

"ఉండెహె! ఆడు సచ్చిపోతాడే!" అన్నాడు అయ్య.

అంతలో తెర మీద దొంగ చెయ్యెత్తి ఏదో కేక వేశాడు. అతని మనుషులు గబగబా తెరచాపలు దించేశారు. ఓడ నిలదొక్కుకుంది. హాల్లో నవ్వు ఆగిపోయింది.

దొంగ మా అయ్య మాట విన్నాడనే అనుకున్నాను. "మా అయ్య సెప్పబట్టే ఆడు బతికినాడు" అని వీధంతా చాటాను.

సినిమాలు ముందే తీసి పెడతారని పెద్దయ్యాక తెలిసింది. అయినా నా గర్వం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయ్యకు ఏ భాషలోనూ అక్షరం రాదు. నేనే అరవై దాటాక నేర్చుకున్నాను. అంత పెద్ద ఓడను అయ్య జన్మలో ఎక్కలేదు. అయినా ఆ గాలికి ఏం చెయ్యాలో ఆ ఓడ నాయకుడి కంటే ముందే చెప్పాడు.