స్టే ఆర్డరున్న ఇసుకదిబ్బ

రిటైరయ్యాక సముద్రానికి ఎదురుగా ఉండాలన్నది మా వారి కోరిక. ఉద్యోగమంతా పోర్టులోనే చేసిన మనిషికి సముద్రం మీద ఇంకా మోజు తీరకపోవడం నాకు వింతగా ఉండేది. "నాను ఇన్నాళ్లూ సూసింది ఓడల్నే. సముద్రాన్ని ఎప్పుడు సూసేను?" అనేవారాయన. అలా భీమిలి వెళ్లే దారిలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. ప్రతి ఫ్లాటుకీ సముద్రం కనిపిస్తుందని బ్రోషర్లో రాశారు. మాకు నిజంగానే కనిపించేది. మొదటి అంతస్తు వాళ్లకి మాత్రం ఇసుకదిబ్బ కనిపించేది.

మా భవనం ముందు సన్నటి సిమెంటు రోడ్డు, దాని అవతల దిబ్బ, దిబ్బ దిగితే బీచి. దిబ్బలో మా ఎదురుగా ఉన్న భాగాన్ని లేఅవుట్ వేసినవాళ్లు పార్కు కోసం వదిలారు. దాన్ని ఆనుకుని కంచె వేసి ఉన్న భాగం పద్మనాభం ఊరి వైపు వ్యవసాయం చేసుకునే అన్నదమ్ములిద్దరిది. తండ్రి పోయాక ఆ ముక్క మొత్తం నాదంటే నాదని ఇద్దరూ కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా అక్కడ ఉన్నది ఉన్నట్టే ఉండాలని కోర్టు స్టే ఇచ్చింది. అవతలివాడు ఏదైనా మారుస్తాడేమోనని అన్న ఒక ఆదివారం, తమ్ముడు ఇంకో ఆదివారం బండి మీద వచ్చి కంచె చుట్టూ తిరిగి చూసుకుని వెళ్లేవారు. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. తల్లివేరు, పీచువేరు, ఊతవేరు అని బోర్డు మీద గీసి, పిల్లల చేత గీయించి, మార్కులు వేయడంలోనే నా సర్వీసు గడిచింది. సముద్రం కాలేజీకి దగ్గర్లోనే ఉండేది గానీ సిలబస్‌లో లేదు. అందుకని ఈ ఫ్లాటుకి వచ్చాకే నాకు తీరిగ్గా దిబ్బ చూసే భాగ్యం కలిగింది. సముద్రం వైపు బాలబంద తీగ ఇసుక మీద పాకేది. మేక గిట్టల్లా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. దాని సందుల్లో రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డి. కొంచెం వెనకాల మొగలి పొదలు. వాటి మధ్య పుస్తకం తిరగేస్తే గానీ నాకూ పేర్లు తెలియని చిన్న చిన్న మొక్కలు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. అపార్టుమెంటు వాళ్లకి వాటి మీద గౌరవం లేకపోవడానికి అదే కారణమనుకుంటాను.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు స్టీలు ప్లాంటులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. మంచి మనిషి. ఉండేది మొదటి అంతస్తులో. ఒకరోజు దిబ్బ మీద పాము కుబుసం కనిపించిందని మీటింగు పెట్టారు. కుబుసం గురించి మొదలైన చర్చ దిబ్బ ఎత్తు మీదికి మళ్లింది. దిబ్బను చదును చేసి, లాన్ పరిచి, పామ్ చెట్లు వరసగా నాటి, బెంచీలు వేస్తే పాముల భయమూ పోతుంది, సముద్రమూ కనిపిస్తుందన్నారు.

నేను లేచి నాకు తెలిసింది చెప్పాను. తీగ కణుపు కణుపుకీ వేరు దించుకుని పై ఇసుకను పట్టి ఉంచుతుంది. గడ్డి గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఆపి, దాని కింద పూడిపోకుండా మళ్లీ పైకి లేచి, పీచు వేర్లతో వల అల్లుతుంది. మొగలి వెనక నిలబడి ఊతవేర్లతో దిబ్బ నడుము పట్టుకుంటుంది. ఒక్కోదాని వేరు ఒక్కో లోతులో ఉంటుంది కాబట్టే దిబ్బ నిలబడింది. లాన్ గడ్డి ఒక్కటే పరిస్తే వేర్లన్నీ బెత్తెడు లోతులోనే ఆగిపోతాయి, కింద కోత పడితే అంతా ఒకేసారి లేచిపోతుంది అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మొక్కల గురించి ఇంత తెలిసినవారు మన మధ్య ఉండటం మన అదృష్టమని ప్రెసిడెంటు గారు అన్నారు. ఆ అదృష్టాన్ని వృథా పోనివ్వకూడదని నన్ను పూలకుండీలకు రంగులు ఎంపిక చేసే కమిటీలో వేశారు.

"పోనీలే, నువ్వు సెప్పాల్సింది సెప్పేవు కదా. లాన్ మీద పొద్దున్నే సెప్పుల్లేకుండా నడిస్తే బీపీకి మంచిదంతారు" అన్నారు మా వారు ఇంటికొచ్చాక.

జేసీబీ వచ్చింది. నేను బాల్కనీలో నిలబడి చూస్తుండగానే తీగలు బారలు బారలుగా పైకి లేచి, కణుపులకి వేలాడే వేర్లతో సహా ట్రాక్టరులోకి వెళ్లిపోయాయి. మొగలి పొదలు మాత్రం ఒక పూటంతా జేసీబీని ఆపాయి. పని అందంగా సాగుతుంటే పక్క ముక్క పిచ్చిగా కనిపించింది. ప్రెసిడెంటు గారు పెద్ద మనసు చేసుకుని, ఆ ఆదివారం వచ్చిన అన్నతో, "మీది కూడా ఫ్రీగా క్లీన్ చేయిస్తాం" అన్నారు.

"అమ్మో, వద్దండి బాబూ. ఒక్క పరక పీకినా నానే పీకించేనని మా తమ్ముడు కోర్టులో సెప్పేత్తాడు" అన్నాడాయన.

తర్వాతి ఆదివారం తమ్ముణ్ని అడిగారు. అతను కంచె వైపు చూస్తూ, "ఇదేటి, మా అన్నయ్య పంపేడేటి మిమ్మల్ని?" అన్నాడు.

అలా పక్క ముక్క అలాగే మిగిలిపోయింది. మా వైపు లాన్ వచ్చింది. చాపల్లా చుట్టిన గడ్డిని లారీలో తెచ్చి దొర్లించి పరిచారు. ఉప్పుగాలికి అది పసుపు తిరుగుతుంటే ట్యాంకర్లతో మంచినీళ్లు తెచ్చి తడిపారు. నేను కుండీలకి నీలం రంగు సూచించాను. ఆమోదం పొందింది. ప్రారంభోత్సవం రోజు మొదటి అంతస్తు వాళ్లు సోఫాల్లో కూర్చునే సముద్రం చూశారు. వాళ్ల సంతోషం చూస్తే నాకూ కాదనబుద్ధి కాలేదు. అందంగా లేదని నేను ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు వానాకాలం వెళ్లిపోతుండగా తుపాను వస్తుందన్నారు. తీరా అది మన వైపు రాకుండా ఒడిశా వైపు తిరిగిపోయింది. గండం తప్పిందని అందరూ ఫోన్లలో చెప్పుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం పోటు సమయానికి అలలు బీచిని దాటి లోపలికి రావడం మొదలుపెట్టాయి. గాలి పెద్దగా లేదు, వాన లేదు. అల వచ్చి లాన్ అంచు కింద ఇసుకను లాక్కుని వెనక్కి పోయేది. మళ్లీ వచ్చేది. గడ్డి పైన పచ్చగానే ఉంది, కింద ఏమీ లేదు. కాసేపటికి లాన్ పరిచినప్పుడు ఎలా దొర్లిందో అలాగే చుట్టుకుంటూ జారింది. పామ్ చెట్లు నాటిన వరస తప్పకుండా ఒకదాని పక్కన ఒకటి పడుకున్నాయి. సాయంత్రానికి రోడ్డు అంచు విరిగి, మా పార్కింగులోకి ఇసుక వచ్చి చేరింది.

పోటు తగ్గాక అందరం దిగి చూశాం. కంచె అవతల దిబ్బకి కూడా దెబ్బ తగిలింది. ముందు అంచు మనిషి నడుమెత్తున కోసుకుపోయింది. కానీ కోసిన చోట తీగలు వేర్లతో జడల్లా వేలాడుతున్నాయి, వాటి వెనక గడ్డి వేర్ల వల ఇసుకను ఇంకా పట్టుకునే ఉంది. మొగలి దాకా సముద్రం రానే లేదు. రికార్డులు రాయించి ఏళ్ల తరబడి బొమ్మలు వేయించిన పాఠం నిలువుకోతగా నా ముందే ఉంది.

"కోర్టు స్టే అంటే సముద్రానికి కూడా భయమే గావాల" అన్నారు మా వారు.

రాతిగోడ కడదామని మొదట అన్నారు. తీరంలో గోడకి అనుమతి రాదని తేలింది. అప్పుడు ప్రెసిడెంటు గారు మా ఇంటికొచ్చి, "మేడమ్, ఆ రోజు మీరేదో చెప్పారు. మళ్లీ ఒకసారి చెప్తారా?" అన్నారు. మళ్లీ చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు గానీ విన్నారు. మళ్లీ ఆ మొక్కలే కావాలి, అన్ని రకాలూ కావాలి. తీగ ముక్కలు, గడ్డి దుబ్బులు, మొగలి పిలకలు, అన్నీ పక్క ముక్కలోనే దొరుకుతాయి. అయితే అక్కడ పరక పీకినా కోర్టు ధిక్కారం. అన్నదమ్ములిద్దరూ ఒప్పుకోవాలి.

ఒకే ఆదివారం ఇద్దర్నీ మా ఇంటికి పిలిచాం. సోఫాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. ఇద్దరిదీ ఒకటే ముక్కు.

"నాకేటి అభ్యంతరం నేదమ్మా. ముందు ఆయన్ని ఒప్పుకోమనండి" అన్నాడు అన్న.

"ఆయన ఒప్పుకున్నాడని రాసిత్తే నానూ ఒప్పుకుంతాను" అన్నాడు తమ్ముడు.

కాఫీలు అయిపోయాయి. నాకు ఒకటి తోచింది. తుపాను తర్వాత తీగ కొంత కంచె దాటి మళ్లీ మా వైపు పాకింది కదా, అక్కడివరకు కోసుకుంటామన్నాను. తమ్ముడు అడ్డంగా తలూపాడు. "కొస మీ వైపు ఉంతే సరిపోద్దా? తీగ మొదలు మా భూమ్మీదుంది."

అన్న గిర్రున తిరిగాడు. "మొదలు ఎక్కడుందో నువ్వు సూసేవేట్రా?"

"సూసేను. నాన్న పాతిన రాయి దగ్గరుంది."

"అక్కడ నేదు. రాయి ఆ పక్కనుంది."

వాళ్లు నేరుగా మాట్లాడుకోవడం ఎన్నాళ్ల తర్వాతో నాకు తెలియదు. వాళ్లూ అప్పుడే గమనించినట్టు ఆగిపోయారు. నేను మెల్లగా చెప్పాను. ఆ తీగకి ఇప్పుడు మొదలంటూ లేదు. ప్రతి కణుపూ వేరు దించుకుంది. మొదటి మొక్క చచ్చిపోయినా మిగతాది బతుకుతుంది. ఎక్కడ కోసినా కోసిన ముక్క దాని బతుకు అది బతుకుతుంది.

"అయితే ఇది మాలాటిదేనమ్మా" అన్నాడు అన్న. తమ్ముడు లేచి, "రండి, ఎక్కడ కొయ్యాలో సూపిత్తాను" అన్నాడు.

ఆ వారమంతా అపార్టుమెంటు వాళ్లం ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని మొక్కలు నాటాం. ప్రెసిడెంటు గారు గడ్డి ముళ్లు గుచ్చుకుని చేతికి కట్టు కట్టుకుని కూడా వచ్చారు. మొదటి ఏడు ఏమీ జరగలేదనిపించింది. రెండో వానాకాలం తర్వాత తీగ కింద ఇసుక ఉబ్బడం మొదలైంది. ఇప్పుడు మళ్లీ చిన్న దిబ్బ లేస్తోంది. మొదటి అంతస్తు వాళ్లకి సముద్రం సగమే కనిపిస్తోంది. ప్రెసిడెంటు గారు చుట్టుపక్కల కాలనీలకి వెళ్లి వేర్ల గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారు. బాగానే చెప్తారట. నన్ను ఒకసారి శ్రోతగా పిలిచారు కూడా.

మొన్న అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద వచ్చారు. రాజీ పడదామనుకుంటున్నామని చెప్పారు. రాజీ అయితే స్టే పోతుంది, స్టే పోతే కొనేవాళ్లు వస్తారు, కొన్నవాళ్లు జేసీబీ తెస్తారు. పైకి మాత్రం, "చాలా మంచి మాట" అన్నాను.

"మంచి మాటే గానమ్మా, రోడ్డు వైపు నాకు కావాలంతే వీడు సముద్రం వైపు వద్దంతన్నాడు" అన్నాడు అన్న.

"కోసుకుపోయేది నానెందుకు తీసుకుంతాను?" అన్నాడు తమ్ముడు.

"మరి నానెందుకు తీసుకోవాల?"

నేను వాళ్లకి రెండోసారి కాఫీ కలిపాను. ఇలాంటి విషయాల్లో తొందర పనికిరాదనీ, నిదానంగా, అన్నీ ఆలోచించుకుని తేల్చుకోమనీ చెప్పాను. ఇద్దరూ తలూపారు. వచ్చే నెల మళ్లీ వాయిదా ఉందట.