సీలింగెక్కిన కంచాలు

మా అక్క కొట్టు తెరవకముందే మూతపడబోయిందంటే, పన్నెండు స్టీలు కంచాలకి కన్నాలు పడ్డాయంటే, రెండు వైపుల చుట్టాలూ మాట్లాడుకోవడం మానేయబోయారంటే, దానికి కారకుణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవరికీ అందులో వాటా లేదు. సర్దుకుని కూర్చోండి, చెబుతాను.

తొంభైల నాటి మాట. మా పార్వతక్కకి చోడవరంలో మ్యాచింగ్ సెంటర్ పెట్టాలని రెండేళ్లుగా ఒకటే కోరిక. చీరకి సరిపడే జాకెట్టు గుడ్డ, ఫాలు, లంగా అన్నీ ఒక్కచోట దొరకాలి. వాటికోసం అనకాపల్లి బస్సెక్కే ఆడవాళ్లని చూసినప్పుడల్లా "ఈళ్లంతా నా కొట్టుకి రావాల్సినోళ్లురా" అని నిట్టూర్చేది. బావ ఒప్పుకున్నాడు. బావ వాళ్లమ్మ, అంటే మా అత్త, ససేమిరా అంది. అక్క పోరగా పోరగా చివరికి అత్త ఒక షరతు పెట్టింది.

"శుక్రారం ముహూర్తానికి నా సీరొకటి తెస్తాను. దానికి సరైన గుడ్డ నీ కొట్టులో తీసి సూపించు. సూపిస్తే నడుపుకో. నేదంటే ఆ పూటే తాళమేసి తాళంసెవి నా సేతికిచ్చీ."

సరే అంది అక్క. కానీ దొరికిన కొట్టేమో బస్టాండు దగ్గర ఒక కాంప్లెక్సు కింది సెల్లారు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో చీకటే. ఉన్న ఒక్క ట్యూబులైటు కింద మెరూనూ, కాఫీ రంగూ కవలపిల్లల్లా ఉండేవి. పైన మాత్రం దర్జాగా ఫాల్స్ సీలింగు, అల్యూమినియం చట్రాల్లో తెల్లటి పలకలు.

"సీలింగులోకి దిగేసే లైట్లు పెడదామక్కా" అన్నాను నేను.

"నీకొచ్చేటి?"

"రాకపోడమేటి? విశాపట్నంలో నగల కొట్టుకి పెట్టింది నేనే కదా!"

మీ దగ్గర దాపరికమెందుకు? ఆ నగల కొట్టులో నేను పట్టుకున్నది నిచ్చెన. లైట్లు పెట్టినాయన నిచ్చెన మీదున్నాడు. నా సొంత అనుభవమంతా ఊరి తీర్థాల్లో పందిళ్లకి సీరియల్ లైట్లు చుట్టడమే. అయినా చేతిలో టెస్టరు ఉంటే చాలు, ఆ రోజుల్లో నాకు భూమ్మీద కాలు ఆనేది కాదు.

లైట్లు విశాఖపట్నం నుంచి గురువారం బస్సుకి వస్తాయన్నారు. అంతవరకూ ఆగేవాడినైతే ఈ కథే లేదు. బుధవారం పొద్దున్నే పని మొదలెట్టేశాను. నగల కొట్టులో కింద నిలబడి చూసినప్పుడు ఒక్కో లైటూ ఎంత కనబడింది? టిఫిను ప్లేటంత. ఇంకేం కావాలి?

"అక్కా, టిఫిను ప్లేటొకటియ్యి."

"తినడానికా?"

"కొలతకి."

ప్లేటు బోర్లించాను, చుట్టూ పెన్సిలు గీశాను, రంపం పెట్టాను. పన్నెండు కన్నాలు. ఎంత గుండ్రంగా వచ్చాయంటే నాకే ముద్దొచ్చాయి.

"ఒరే సత్తిబాబూ, లైట్లొచ్చేక కొయ్యొచ్చు కదరా?" అంది అక్క.

"అలగ కాదక్కా, అనుభవమున్నోడికి కళ్లే టేపు."

గురువారం అట్టపెట్టె విప్పాం. లోపల పన్నెండు లైట్లు, ఒక్కోటీ కొబ్బరిచిప్పంత. నేను పెట్టె అడుగున చెయ్యి పెట్టి వెతికాను, పెద్దవేమైనా ఉన్నాయేమోనని. లేవు. అయినా ఆశ చావక నిచ్చెనెక్కి ఒకటి కన్నంలో పెట్టాను. అది పెట్టినంత వేగంగా కిందికొచ్చి అక్క ఒళ్లో ఉన్న గుడ్డల మీద పడింది.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ లైటుని చేతిలోకి తీసుకుని, "నా కొట్టు పోనాదిరా" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కొత్త పలకలు తేవాలంటే రెండు రోజులు పడుతుంది. ముహూర్తం రేపే.

అప్పుడు నా కళ్లు అక్క క్యారేజీ పక్కనున్న స్టీలు కంచం మీద పడ్డాయి. ప్లేటు కన్నా కాస్త పెద్దది. పలక పైనుంచి కన్నం మీద బోర్లిస్తే కిందికి జారదు. నడుమ చిన్న కన్నం పెడితే లైటు అందులో కూర్చుంటుంది. అదే అక్కకి చెప్పాను.

"కంచానికి కన్నమేటిరా, దరిద్రం!"

"అక్కా, నీ పెళ్లి సదివింపుల కంచాలు మంచం కింద ట్రంకులో ఉన్నాయి కదా?"

అక్క కళ్లు తుడుచుకుని లేచింది. "కొట్టు నిలబడితే కంచాలు మళ్లీ కొనుక్కోవచ్చు, పద."

సాయంత్రానికల్లా రేకుల పనాయన పన్నెండింటికీ కన్నాలు కోసిచ్చాడు.

శుక్రవారం. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. నేను దేవుణ్ణి తలుచుకుని స్విచ్చేశాను. ఏం చెప్పమంటారు! కంచాల నిగనిగకి వెలుగు రెట్టింపై సెల్లారంతా పట్టపగలైపోయింది. అత్త సంచీలోంచి నేరేడుపండు రంగు పట్టుచీర తీసింది. అక్క తానులకేసి ఒక్క చూపు చూసి, మూడోది లాగి పరిచింది. అత్త నమ్మలేదు. రెండూ పట్టుకుని మెట్లెక్కి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి దిగొచ్చింది.

"సరిపోనాది" అంది.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఎగిరి గంతేయబోయాను. సరిగ్గా అప్పుడే అత్త తలెత్తి పైకి చూసింది. చూసి, మెడ వెనక్కి వంచి, కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది.

"మేనమామ సూరిబాబు, వడ్డాది. పెద్దమ్మ నూకాలమ్మ, బుచ్చయ్యపేట..."

చదివింపుల కంచాల లోపలివైపు ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కిస్తారని నాకు పుట్టినప్పట్నించీ తెలుసు. ఆ పేర్లు ఇప్పుడు దీపాల చుట్టూ ధగధగలాడుతున్నాయని మాత్రం ఆ క్షణంలోనే తెలిసింది. అత్త ఒక్కో దీపం కిందికీ నడిచి పన్నెండూ చదివింది.

"అన్నీ మీ వోళ్లే. మా వోళ్ల పేరొక్కటీ నేదేటి?"

"మీ వోళ్ల కంచాలు నీ బీరువాలో ఉన్నాయి కదత్తా" అన్నాను నేను.

అత్త బావకేసి చూసింది. "ఒరే, తాళంసెవి ఇయ్యి."

అక్క మొహం పాలిపోయింది. "అత్తా, సీరకి గుడ్డ సరిపోనాదన్నావు కదా!"

"కొట్టు తాళం కాదే పిచ్చి మొకమా, నా బీరువా తాళం! నా పుట్టింటోళ్లిచ్చిన పెద్ద పళ్లేలు నాలుగున్నాయి. ఆటికీ లైట్లు తగిలించి మెట్ల కాడ పెట్టండి. వొచ్చినోళ్లు ముందు మా పేర్లు సదువుకునే లోపలికి రావాల."

అవి పెట్టిన మర్నాటినుంచి తన దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూసుకోడానికి అత్త రోజూ వచ్చి గల్లాపెట్టె పక్కనే కూర్చునేది. పేర్లు చూసుకోడానికొచ్చిన చుట్టాల్ని ఒక్కర్నీ గుడ్డ కొనకుండా మెట్లెక్కనిచ్చేది కాదు. అక్క కొట్టు అలా నిలబడింది.

ఇక నా సంగతి. అక్క కొట్టు గుమ్మం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: లైటు కళ్లతో చూడకుండా సీలింగుకి కన్నం పెట్టను, ఆడపెళ్లివారినీ మగపెళ్లివారినీ సరిసమానంగా లెక్కపెట్టకుండా స్విచ్చి వెయ్యను.