ఎండ కాయని వారం

హెడ్‌క్లర్కు గారికి నిర్మలమైన ఆకాశం కనిపిస్తే ఒళ్ళు మండేది. మబ్బు పడితే సంగతేమిటో తెలుస్తుంది కానీ, ఏమీ లేని ఆకాశం ఏదో దాస్తోందని ఆయన గట్టి నమ్మకం. పొద్దున్నే ఆఫీసుకు రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి, గోడ దూకి వచ్చినవాణ్ణి నిలదీసినట్టు దాన్ని ఎగాదిగా చూసేవారు.

"ఎలా ఉందండీ?" అని అడిగితే, "నవ్వుతోంది. ఊరికే నవ్వదు," అనేవారు.

ఆరేళ్ళ కిందటిదాకా మామూలు మనిషే. ఇప్పుడు మాత్రం ఆ నీటి సరఫరా ఆఫీసులో పదకొండుమందికీ ఆయనతో చచ్చే చావుగా ఉంది. ఏటా అందరూ కలిసి రెండు రోజులు నగరానికి వెళ్ళొస్తారు. సీనియారిటీ కొద్దీ తేదీ పెట్టేది ఆయనే.

ఈసారి ఆ తేదీ కోసం అందరికంటే ఎక్కువ ఆరాటపడింది తపాలా గుమాస్తా. వచ్చే పోయే ఉత్తరాలకు నంబర్లు వేయడం అతని పని. చేరిన కొత్తలో అతని తప్పుల తడక ఉత్తరాలన్నీ పైవాళ్ళ కంటపడకుండా మళ్ళీ టైపు చేసి కాపాడింది టైపిస్టమ్మ. ఈ చలికాలం దాటితే ఆవిడ రిటైరవుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్కసారీ నగరం మొహం చూడలేదు. ఎప్పుడు పిలిచినా ఇంట్లో పనే. ఈ ఆఖరుసారైనా ఆవిణ్ణి తీసుకెళ్ళాలని గుమాస్తా పంతం.

"వానలు వెలిశాక వెళదామండీ," అన్నాడు హెడ్‌క్లర్కు గారితో.

"వెలిశాక వచ్చే ఎండ సాన పట్టిన కత్తయ్యా."

"పోనీ, నడి చలికాలం?"

"అప్పటి ఎండ మరీ దొంగది. మెత్తగా ఉండి దెబ్బ కొడుతుంది."

"అయితే వానల్లోనే పోదాం!"

"తడిసి ముద్దవడానికా? పిచ్చా ఏమిటి నీకు?"

ఒకరోజు ఆయన ఫోనులో మాట్లాడడం గుమాస్తా చెవిన పడింది. "హోటలేనా? ఎండ ఎలా కాస్తోంది? బ్రహ్మాండంగానా? అయితే గదులు వద్దులెండి."

గుమాస్తా సరాసరి క్యాషియరు దగ్గరికి వెళ్ళాడు. "ఎండ బాగుంటే వద్దంటున్నాడండీ! ఏ మనిషైనా అలా అంటాడా?"

"బావమరిది గొడుగుల కొట్టు పెట్టాడేమో."

"గొడుగుకి ఎండైనా వానైనా ఒకటేగా!"

"అయితే యాత్రే ఎగ్గొట్టాలని చూస్తున్నాడు." క్యాషియరు గొంతు తగ్గించాడు. "టైపిస్టమ్మంటే గిట్టదేమో."

ఆ మాట గుమాస్తా గుండెలో ముల్లులా దిగింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు హెడ్‌క్లర్కు గారి సొరుగు లాగాడు. లోపల లావుపాటి నోటుబుక్కు. నగరంలో ఏ రోజు ఎలా ఉందో ఆరేళ్ళ పత్రికల ముక్కలు కత్తిరించి అంటించి ఉన్నాయి. చలికాలం మొదట్లో ఒక వారం చుట్టూ నీలం సిరాతో గీత, పక్కన: "ఎండ లేదు. వాన లేదు. ప్రశస్తం."

మర్నాడు ఆయన ప్రకటించింది ఆ వారమే.

"అప్పుడు నగరం పిండి ఆరేసిన మసిగుడ్డలా ఉంటుందండీ!" అని అందరూ గోల పెట్టారు.

"నేనూ వస్తాను," అంది టైపిస్టమ్మ, ఎవరూ పిలవకముందే.

సంతోషించాల్సిన గుమాస్తాకి అనుమానం రెట్టింపయింది.

వెళ్ళారు. నగరంలోకెల్లా ఎత్తైన టవరు పైదాకా లిఫ్టులో ఎక్కితే చుట్టూ కనిపించింది మబ్బు లోపలి భాగం. ఏ ఫొటో తీసినా వెనక తెల్లగోడే. మిట్టమధ్యాహ్నం నది ఒడ్డున, మ్యూజియం ఎదుట, గుమాస్తా ఓపిక నశించింది. హెడ్‌క్లర్కు గారి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"నిజం చెప్పండి. ఏమిటీ నాటకం?"

ఆయన గడ్డంతో అటు చూపించారు. టైపిస్టమ్మ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు మోచేతుల దాకా మడిచి, గట్టు వెంట పడవలు లెక్కపెట్టుకుంటూ నడుస్తోంది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ మోచేతులు ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు.

"ఎండ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడదయ్యా ఆవిడకి. ఆరేళ్ళ కిందట సెలవు చీటీకి డాక్టరు కాగితం జతచేస్తే చూశాను. తన కోసం అందరి సరదా చెడకూడదు, ఎవరితోనూ అనొద్దంది. అప్పట్నుంచీ ఐదుసార్లు లెక్క కట్టాను, ఐదుసార్లూ బస్సు బయల్దేరే వేళకి సూర్యుడు దిగబడ్డాడు."

"ఆ మాట మాకు చెబితే ఏం పోయేది? ఇన్ని తిట్లు తినడమెందుకు?"

"పిచ్చోడి మాటంటే నలుగురూ నవ్వి వస్తారు. తన కోసమని తెలిస్తే ఆవిడ బస్సెక్కేదా?"

గుమాస్తా ఏదో అనబోయేంతలో నది మీద మబ్బు చిరిగింది. పసుపుపచ్చని చార ఒకటి నీళ్ళ మీద నుంచి గట్టు వైపు పాకుతూ వస్తోంది. హెడ్‌క్లర్కు గారి మొహం పాలిపోయింది.

గుమాస్తా రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మో, నా బట్టతల! మాడిపోతోందండోయ్! మ్యూజియంలోకి పదండి, పదండి!"

"ఇంకొకడు తయారయ్యాడు!" అంటూ తిట్టుకుంటూనే అందరూ లోపలికి పరిగెత్తారు. టైపిస్టమ్మను గుమాస్తా అందరికంటే ముందు తోశాడు.

మెట్ల దగ్గర ఆయాసపడుతూ క్యాషియరు ఆవిడ చెవిలో అన్నాడు: "వీళ్ళిద్దరూ మ్యూజియం వాళ్ళతో ఏదో మాట్లాడుకున్నారండీ. నాకు గట్టి అనుమానం."

"నాకూ అనుమానంగానే ఉందండీ," అంది టైపిస్టమ్మ, జాకెట్టు చేతులు కిందికి దించుకుంటూ. "మీరు మాత్రం వాళ్ళని ఏమీ అడక్కండి."