డబల్ రొట్టెతో చెరిపిన అంకెలు

డెబ్బైలలో నేను బి.ఏ. చదువుతున్నప్పుడు, వేసవి సెలవుల్లో పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనకున్న ఓ చిన్న మ్యూజియంలో జీతం లేని పనికి కుదిరాను. యాకుత్‌పురా నుంచి రోజూ నడిచే వెళ్లేదాన్ని. అక్కడ పాత పుస్తకాలు చూసుకునే యాదగిరి తాత ఒకరోజు చేతిరాత ఉర్దూ పుస్తకం ఒకటి నా ముందు పెట్టి, కాగితాలకు పెన్సిల్‌తో వరస నంబర్లు వేయమన్నాడు. సాయంత్రం పెద్దసారు వచ్చి చూస్తారట.

మధ్యాహ్నానికల్లా నూరు పైచిలుకు కాగితాలకు ముత్యాల్లాంటి అంకెలు వేసేశాను. తాత నా ఒకటో నంబరు చూసి నోరు తెరిచాడు.

"ఇదేంది బిడ్డా? కిస్సా ఖతమైన కాడ షురూ చేసినవు!"

ఉర్దూ కుడివైపు నుంచి మొదలవుతుందని నాకు తెలియదా! ఉర్దూ బోర్డుల మధ్యే పెరిగాను. చెయ్యి మాత్రం అలవాటుగా తెలుగు పుస్తకంలాగే తెరిచింది. ఏడుపు ఆపుకుంటూ రబ్బరు తీశాను.

"ఆగు! రబ్బరుతోని రుద్దితే పాత కాయిదం చినుగుతది. ఫికర్ జెయ్యకు" అంటూ తాత తను తినడానికి తెచ్చుకున్న డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, తీశాడు. లోపలి మెత్తదనాన్ని ఉండలు చేసి, అంకెల మీద మెల్లగా దొర్లించడం నేర్పాడు. ఇద్దరం కూర్చుని చెరిపి, పెద్దసారు వచ్చేలోగా సరైన వరసలో మళ్లీ వేశాం. ఆ పూట తాత చాయ్‌తోనే సరిపెట్టుకున్నాడు.

చివరి కాగితం మీది '1' మాత్రం చెరపనివ్వలేదు.

"గిదొక్కటి ఉండనీ. నువ్వొచ్చినవని యాదికుంటది."

ఆ తర్వాత జీవితంలో సరిగ్గా రాసినవి చాలానే ఉన్నాయి. నాకు ముద్దొచ్చేది మాత్రం ఆ తప్పుడు అంకే.